వైండింగ్ షాపువాడి వైర్‌వౌండ్ కథ

ఏలూరులో మాది మోటార్ వైండింగ్ షాపు. పగలంతా కాలిపోయిన పంపుసెట్లు, రాత్రి తొమ్మిది దాటితే హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి నడిపే సొంత రేడియో స్టేషన్. రిగ్ (రేడియో సెట్) ఇచ్చే 100 వాట్లు చాలడం లేదని 4సీఎక్స్250బి టెట్రోడ్ (నాలుగు ఎలక్ట్రోడ్ల వాల్వు) ఒకటి సంపాదించి లీనియర్, అంటే పవర్ పెంచే ఆంప్లిఫయర్, కట్టడం మొదలుపెట్టాను. పెరిగిన సిగ్నల్ బయటికొచ్చే ప్లేటుకి సప్లయి 2000 వోల్టులు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ నేనే చుట్టాను, మొదటిసారే పనిచేసింది. నెలరోజులు ఏడిపించింది మాత్రం ఇన్‌పుట్ వైపు.

టెట్రోడ్‌కి గెయిన్ ఎక్కువ. సిగ్నల్ లోపలికెళ్ళే గ్రిడ్ దగ్గర ఒక ట్యూన్డ్ సర్క్యూట్ (ఒక ఫ్రీక్వెన్సీకే గట్టిగా స్పందించే కాయిల్, కెపాసిటర్ జత), ప్లేటు దగ్గర ఇంకొకటి పెడితే, మధ్యలో ఉన్న కాస్త కెపాసిటెన్స్ చాలు, ఆంప్లిఫయర్ కాస్తా ఆసిలేటర్ అయి, తనంతట తానే సిగ్నల్ పుట్టిస్తూ కూర్చుంటుంది. ఈ వాల్వులో ఆ కెపాసిటెన్స్ 0.04 పికోఫారడ్ మాత్రమే. అయినా సరే. అందుకే చాలామంది గ్రిడ్‌ని ట్యూన్ చెయ్యరు. 50 ఓంల రెసిస్టర్ పెట్టేసి, రిగ్ పవరంతా దాన్లోనే వేడిగా పోనిస్తారు. గ్రిడ్‌కి కావలసింది వోల్టేజీ, పవర్ కాదు. బయాస్ (గ్రిడ్ మీద ముందే పెట్టే నెగటివ్ వోల్టేజీ) మైనస్ 55 వోల్టులైతే సిగ్నల్ పీక్ 55 వోల్టులు దాటకూడదు. 50 ఓంల మీద అది 30 వాట్లు. అంతకు మించి తోస్తే గ్రిడ్ కరెంట్ మొదలై, మన గొంతు పక్క ఫ్రీక్వెన్సీల మీద కూడా చిందుతుంది.

నేనూ రెసిస్టరే పెట్టాను. షాపులో చేతికందిన 50 ఓంలు, 50 వాట్ల సిరామిక్‌ది. డ్రైవ్ (రిగ్ సిగ్నల్) ఇవ్వకుండా, ఐడిల్ కరెంట్ (సిగ్నల్ లేనప్పుడు ప్లేటులో పారేది) 100 మిల్లీయాంప్స్‌కి పెట్టి, అవుట్‌పుట్ వైపు లోడ్ కెపాసిటర్ పూర్తిగా మూసి, 15 మీటర్ల (21 మెగాహెర్ట్‌జ్) బ్యాండ్‌లో ప్లేట్ కెపాసిటర్ తిప్పాను. ఒక చోట స్క్రీన్ (వాల్వులో ఇంకో ఎలక్ట్రోడ్) కరెంట్ చూపే మీటర్ ముల్లు ఎగిరి అవతలి చివర కొట్టుకుంది. ఆసిలేషన్ అన్నమాట. స్విచ్ ఎప్పుడు ఆపానో నాకే గుర్తులేదు.

ఈ విద్య నేర్పిన మాస్టారికి ఫోన్ చేశాను.

"ఏం రెసిస్టరోయ్ పెట్టావు?"

"వైర్‌వౌండ్ అండి."

కాసేపు మాటలేదు. తర్వాత అడిగారు, "నువ్వు చేసే వ్యాపారం ఏంటోయ్?"

సిగ్గేసింది. రోజుకి వేల చుట్లు చుట్టే నాకు, తీగ చుట్టిన రెసిస్టర్ కూడా కాయిలేనని తట్టలేదు! నానోవీఎన్‌ఏ అనే చిన్న కొలత పరికరానికి తగిలిస్తే దాదాపు 2 మైక్రోహెన్రీల ఇండక్టెన్స్ చూపించింది. 7 మెగాహెర్ట్‌జ్‌లోనే 88 ఓంల రియాక్టెన్స్ (కాయిల్ వల్ల వచ్చే అడ్డు), ఎస్‌డబ్ల్యూఆర్ (రిగ్‌కి లోడ్ ఎంత పొసిగిందో చెప్పే అంకె, 1 అయితే సరిగ్గా కుదిరినట్టు) 5కి దగ్గర. అంతకన్నా ముఖ్యం ఇంకొకటి. గ్రిడ్ కెపాసిటెన్స్ 16 పికోఫారడ్లు, సాకెట్, వైర్లు కలిపి ఇంకో 9. మొత్తం 25తో ఆ 2 మైక్రోహెన్రీలు కలిస్తే 22.5 మెగాహెర్ట్‌జ్ దగ్గర రెజొనెన్స్. వద్దనుకున్న ట్యూన్డ్ సర్క్యూట్‌ని, అదీ 15 మీటర్ల బ్యాండ్ పక్కనే, నా చేత్తో నేనే పెట్టుకున్నానన్నమాట.

హైదరాబాద్ వెళ్ళినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో 1 కిలో ఓం, 2 వాట్ల మెటల్ ఆక్సైడ్ రెసిస్టర్లు ఇరవై కొన్నాను. రెండు గుండ్రటి రాగి రేకుల మధ్య అన్నిటినీ పక్కపక్కన నిలబెట్టి సోల్డర్ చేస్తే 50 ఓంలు, 40 వాట్లు. ఒక్కొక్క దాన్లో కాస్త ఇండక్టెన్స్ ఉన్నా ఇరవై పారలల్‌లో పెడితే ఇరవయ్యో వంతే. పై రేకు నుంచి గ్రిడ్ పిన్‌కి దూరం సెంటీమీటరు కూడా లేదు. మధ్యలో బయాస్‌ని ఆపే సిరామిక్ కెపాసిటర్, పిన్ మీదే 10 ఓంల కార్బన్ రెసిస్టర్. ఆ పది ఓంలు వీహెచ్‌ఎఫ్‌లో (30 మెగాహెర్ట్‌జ్ పైన) పుట్టే పిచ్చి ఆసిలేషన్లని ఆపడం కోసం. బ్లోయర్ గాలి చాసిస్ కిందనుంచి సాకెట్‌లోకి పోతుంది కాబట్టి దారిలో రెసిస్టర్లు కూడా చల్లబడతాయి. ఈ ఏర్పాటు నా తెలివి కాదు, కుదిరిందంతే.

ఇప్పుడు అదే పరీక్ష. ఇన్‌పుట్ కేబుల్ పీకేసి, ప్రతి బ్యాండ్‌లోనూ రెండు కెపాసిటర్లూ ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పాను. 100 మిల్లీయాంప్స్ ముల్లు కదల్లేదు. కేబుల్ తగిలించీ చూశాను, అంతే. 28 మెగాహెర్ట్‌జ్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ 1.2. రిగ్‌ని 30 వాట్లకి తగ్గించి, డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు తగిలించే రెసిస్టర్) మీద "హలో" అన్నాను.

ఆ వైర్‌వౌండ్‌ని పారెయ్యలేదు. హై వోల్టేజీ కెపాసిటర్లని డిశ్చార్జ్ చేసే కర్రకి కట్టాను. అక్కడ అది కాయిలైనా పర్వాలేదు.