వెదురు గిన్నె: మూడో ప్రయత్నంలోనూ మిగిలిన 1.4 మిల్లీమీటర్లు

మొన్న ఆదివారం రాత్రి వెదురు గిన్నెను, అంటే వెదురు ఆకుల బొమ్మలున్న పగిలిన మట్టి గిన్నెను, అతికిస్తూ చివరి పెంకు పెట్టబోతే, ఒక పక్క చక్కగా ఆనిన ఆ పెంకు రెండో పక్క అంచు దగ్గర 1.4 మిల్లీమీటర్ల సందు వదిలేసింది. ఇది మూడో ప్రయత్నం. ఇంత నిరాశ ఈ సేకరణ మొదలుపెట్టాక ఎప్పుడూ కలగలేదు.

కాలిఫోర్నియాలో చైనా వలస కార్మికులు రోజూ అన్నం తిన్న గిన్నె ఇది. బూడిదరంగు మట్టి మీద నీలిరంగుతో వెదురు ఆకులు, మూడు వలయాలు, తూనీగలాంటి గీతలు చేత్తో గీసి ఉంటాయి. 1865 నుంచి సెంట్రల్ పసిఫిక్ రైలుమార్గం పనిలోకి వేల సంఖ్యలో వచ్చినవారి గుడారాల దగ్గర, 1887 మే 4న తగలబెట్టిన శాన్ హోసే మార్కెట్ స్ట్రీట్ చైనాటౌన్ తవ్వకాల్లో కూడా ఈ రకం పెంకులు దొరికాయి. అదే కాలపు చైనా పాత్రల్లో డబుల్ హ్యాపీనెస్, వింటర్ గ్రీన్, ఫోర్ సీజన్స్ అనే మిగతా రకాలకన్నా నాకు ఇదంటేనే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే ఏ రెండు గిన్నెల మీదా కుంచె ఒకేలా నడవలేదు.

నా గిన్నె ఐదు ముక్కలు. పెద్ద ముక్కకు అడుగు వలయం మొత్తం, అంచులో మూడో వంతు ఉన్నాయి. మిగతా నాలుగూ దాని చుట్టూ చేరాలి. అంటే అంచు వెంట ఐదు అతుకులు. నాలుగు పడ్డాయి, ఐదోదే మొండికేసింది. అక్కడ ఒక వెదురు ఆకు సరిగ్గా సందు మీదుగా వెళుతుంది. ఎడమ సగంకన్నా కుడి సగం 0.8 మిల్లీమీటర్లు పైకి ఉంది; గోటితో రాస్తే మెట్టు తగులుతుంది.

కారణం కోసం లెక్క వేశాను. జిగురు లేకుండా, ఉత్త టేపుతో బిగించి చూసినప్పుడే 0.6 మిల్లీమీటర్ల సందు వచ్చింది. నాలుగు అతుకుల్లోనూ జిగురు పొర ఒక్కొక్కటి సుమారు 0.1 అనుకుంటే అది మరో 0.4. ఇంకా 0.4 మిగులుతోంది. దానికి మా గ్యారేజీ ఎండే కారణమని నా అనుమానం: శాక్రమెంటో వైపు వేసవి కదా, ఆ వారం థర్మామీటరు 43 డిగ్రీలు చూపించింది. నేను వాడే పారాలాయిడ్ బి-72 అనే జిగురు సుమారు 40 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది కాబట్టి, ఆరడానికి ఇసుకలో నిలబెట్టిన ముక్కలు తమ బరువుకే కొద్దికొద్దిగా జారి ఉండాలి.

అసలు చిక్కు మాత్రం ఆ మొదటి 0.6. కాల్చేటప్పుడు మట్టిలో చిక్కుకున్న బిగువు గిన్నె పగిలినప్పుడు విడిపోయి, ముక్కలు కొద్దిగా విచ్చుకుంటాయి. తర్వాత ఎంత జాగ్రత్తగా పేర్చినా అవి పాత వంపుకు రావు. ఇదే జరిగిందేమోనని వ్యాసం కొలిచాను. ఒక దిక్కున 146.2, అడ్డంగా 144.9 మిల్లీమీటర్లు వచ్చాయి. విచ్చుకుందని సంబరపడి, నా దగ్గరున్న పగలని గిన్నెను కూడా కొలిస్తే అది 145.0, 143.6. పగలనిదే కోలగా ఉన్నప్పుడు ఈ కొలతతో ఏదీ తేలదు.

ఎపాక్సీ జిగురుతో గట్టిగా బిగించి అతికించమని తోటి సేకర్తలు చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. ఎపాక్సీ ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, తర్వాత తీయాలంటే గ్లేజు (గిన్నె మీది గాజులాంటి పూత) పెచ్చు ఊడుతుందేమోనని భయపడాలి. పారాలాయిడ్ అయితే అసిటోన్ తగిలితే చాలు, విడిపోతుంది. ఇలాంటి గిన్నె విషయంలో నా తప్పును రేపు మరొకరు దిద్దగలగాలి.

ఈ నెలలో మిగతా పని సాఫీగా సాగింది: వింటర్ గ్రీన్ టీ కప్పు లోపలి మరక డిస్టిల్డ్ నీటిలో పది రోజులు నానితే పోయింది. ఒక పాత ఇంటి సామాను అమ్మకంలో ఫోర్ సీజన్స్ చిన్న పళ్లెం 18 డాలర్లకు దొరికింది. అక్కడే గోధుమరంగు గ్లేజు మద్యం సీసాను రైలు కార్మికులదని చెప్పి అమ్మజూపారు. దాని మీద ఫెడరల్ చట్టం పునర్వినియోగాన్ని నిషేధిస్తుందన్న అచ్చు వాక్యం ఉంది. అమెరికాలో మద్యం సీసాల మీద ఆ వాక్యం 1935 నుంచి 1964 వరకే తప్పనిసరి, కాబట్టి వదిలేశాను. నేల తవ్వి తెచ్చామని చెప్పే సరుకును మాత్రం ఎంత బాగున్నా కొనను, ఎందుకంటే పెంకు ఏ పొరలో, దేని పక్కన పడి ఉందో తెలియకుండా పోతే అది దొరికిన చోట బతికినవారి గురించి అది చెప్పగలిగింది చాలావరకు పోయినట్టే.

వచ్చే వారం గిన్నెను పాలిథిన్ డబ్బాలో, అసిటోన్ తడిపిన దూదితో ఒక రాత్రి మూసి ఉంచి నాలుగు అతుకులూ విప్పుతాను. ఈసారి ఐదు ముక్కలనూ ముందు పొడిగానే టేపుతో గట్టిగా బిగించి, పల్చటి పారాలాయిడ్ ద్రావణాన్ని చీలికల్లోకి సన్నటి కుంచెతో పీల్పించాలని ఉంది. ఆరబెట్టడం ఇంట్లోనే, 24 డిగ్రీల గదిలో. అప్పటికీ 0.6 కన్నా తగ్గకపోతే సందును పూడ్చి, ఆకు నీలిరంగును పూడ్చిన చోటికి పొడిగించకుండా ఖాళీగానే ఉంచుతాను.