పిల్లల ముందు ఆసాపు అనని మాట

పరాయి దేశంలో పిల్లలను పెంచుకుంటున్న క్రైస్తవ తల్లిదండ్రులం ఒకచోట చేరినప్పుడు, చుట్టూ ఉన్న లోకం మన పిల్లలను ఎక్కడ లాగేసుకుంటుందోనన్న భయం గురించి ఎంతసేపైనా మాట్లాడుకుంటాం గాని, దేవుణ్ణి లెక్కచేయనివారు హాయిగా వర్ధిల్లుతుంటే మనలో రగిలే అసూయ గురించి ఎవరమూ నోరెత్తము. పిల్లలను విశ్వాసానికి దూరం చేయడంలో రెండోదానికే ఎక్కువ బలం ఉందని నా అభిప్రాయం. తల్లిదండ్రులు ప్రార్థనలో అడిగేది ఒకటి, మిగిలిన వేళల్లో మెచ్చుకునేది మరొకటి అయినప్పుడు, ఆ తేడాను కనిపెట్టడానికి పిల్లలకు ఎంతోకాలం పట్టదు.

ఈ అసూయను దాచుకోకుండా చెప్పినవాడు బైబిలులో 73వ కీర్తన రాసిన ఆసాపు. అతడు భక్తికి బయట నిలబడి చూస్తున్నవాడు కాడు. దావీదు రాజు మందసము, అంటే దేవుని ఆజ్ఞల పలకలుంచిన పవిత్రమైన పెట్టె, ఎదుట దేవుని స్తుతించడానికి నియమించిన లేవీయులలో, అంటే దేవుని సేవకు ప్రత్యేకించిన గోత్రంవారిలో, ముఖ్యుడు. కీర్తనల గ్రంథంలో 12 కీర్తనలు అతని పేరున ఉన్నాయి. అలాంటివాడు భక్తిహీనుల క్షేమం చూసి మత్సరపడ్డానని, తన కాలు దాదాపు జారిపోయిందని, హృదయాన్ని శుద్ధిగా ఉంచుకోవడమంతా వ్యర్థమేనని అనుకున్నానని ఒప్పుకున్నాడు. ఆ వెంటనే, 15వ వచనంలో, చాలామంది చదివి దాటిపోయే మాట ఒకటుంది: ఇవన్నీ ఆ రోజుల్లోనే బయటికి అనేసి ఉంటే దేవుని పిల్లల తరానికి ద్రోహం చేసినవాడినయ్యేవాడినని. నాకు ఆ కీర్తన అంతటిలోనూ ఒక తండ్రికి పనికొచ్చే వచనం ఇదే. ఆసాపు తన సందేహాన్ని అణచిపెట్టలేదు, దేవుని దగ్గరికే తీసుకువెళ్లాడు. అక్కడ తేలిన తరువాత గాని సమాజం ముందు పాడలేదు.

మనమైతే తీరని ఫిర్యాదును పిల్లల చెవిన వేస్తాం. కారు వెనుక సీట్లో వాళ్లుండగానే, ఇతరుల పనిని తనదిగా చూపించుకుని పదోన్నతి కొట్టేసిన సహోద్యోగి గురించి, నిజాయితీగా ఉండి మనం బాగుపడిందేమీ లేదన్నట్టుగా చెప్పుకుంటాం. పైగా మనలో చాలామందిమి మెరుగైన బతుకు కోసమే ఇల్లు వదిలి వచ్చినవాళ్లం. ఎవరు ఎంత ఎదిగారన్న లెక్క దేశం దాటినా మనల్ని వదలలేదు, ఫోన్లలో అటునుంచీ ఇటునుంచీ పోలికలు నడుస్తూనే ఉంటాయి. ఆ లెక్కల మధ్య పెరిగే పిల్లలకు వర్ధిల్లేవారిని చూసి మత్సరపడవద్దని చెప్తే, ఆ మాట ఎక్కడ నిలుస్తుంది?

ఇక్కడే మరో జాగ్రత్త అవసరం. ఆసాపు చెప్పిన భక్తిహీనులు గర్వాన్ని కంఠహారంగా, బలాత్కారాన్ని వస్త్రంగా ధరించినవాళ్లు. మన సంఘానికి రాని పొరుగువారిని, మన భాష తెలియని సహపాఠిని ఆ జాబితాలో వేయడం అన్యాయం. మా పిల్లల స్నేహితుల్లో ప్రార్థన అన్నదే తెలియని, ఎంతో ఉదార స్వభావం గల పిల్లలు ఉన్నారు. గర్వమనే హారం మాత్రం ఆరాధనకు క్రమంగా వచ్చేవారి మెడలోనూ కనిపించగలదు.

మా పెద్దమ్మాయి ఒక రాత్రి ల్యాప్‌టాప్ మూసేసి, "నాన్నా, ఆ ప్రాజెక్టు సగం కాపీ కొట్టినవాళ్లకు నాకంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. నేను కష్టపడి రాసి ఏం బావుకున్నాను?" అని అడిగింది. సరిగ్గా 13వ వచనంలోని ఫిర్యాదే అది. "అలా అనకూడదు" అని నోరు మూయించడం తేలిక. యిర్మీయా ప్రవక్త కూడా దుష్టులు ఎందుకు వర్ధిల్లుతున్నారని దేవునితోనే వాదించాడని చెప్పి, కీర్తన తీసి ఇద్దరం చదివాం. తాను తన ఫోనులో, నేను నా పాత తెలుగు బైబిలులో. 17వ వచనం దగ్గర తాను ఆగింది. ఆసాపు దేవుని పరిశుద్ధ స్థలంలోకి వెళ్లిన తరువాత అతని బాధ తీరింది సరే, వాళ్ల మార్కులు తగ్గాయా అని అడిగింది. తగ్గలేదు. భక్తిహీనులు అప్పటికే కూలిపోయారని గాని, ఆసాపు ధనవంతుడయ్యాడని గాని ఆ కీర్తనలో ఎక్కడా లేదు. వాళ్ల అంతం ఎలా ఉంటుందో అతనికి కనబడింది, తన కుడిచెయ్యి పట్టుకున్నవాడు తన దగ్గరే ఉన్నాడని తెలిసింది. బైబిలులోని సామెతల గ్రంథం 23వ అధ్యాయంలో తండ్రి కుమారునితో పాపులను చూసి మత్సరపడవద్దని చెప్పి అక్కడితో వదిలేయలేదు. అదే వాక్యంలో నిత్యం యెహోవాయందు భయభక్తులు కలిగి ఉండమన్నాడు. అసూయ పక్కవాడి మీదినుంచి కన్ను తిప్పనివ్వదు. ఆ కన్నును ఊరికే మూసుకోమంటే ఏ పిల్లకూ సాధ్యం కాదు, చూడవలసినవాడు మరొకడు ఎదుట ఉండాలి. ఎవరూ చూడని రాత్రివేళ తన వాక్యాలను తానే రాసుకున్నప్పుడు దేవుడు చూశాడన్నది, టీచరు వేసిన మార్కుల కంటే తక్కువ సంగతా అని నేను అడిగాను. తక్కువేమీ కాదు గాని మార్కులు కూడా కావాలంది. ఆ జవాబు నాకు నచ్చింది.

"వాళ్ల అంతం" అన్న మాటతో ఒక చిక్కు ఉంది: ఎదుటివారు ఎప్పుడు పడతారా అని కాచుకు కూర్చోవడం కూడా భక్తిలాగే కనబడుతుంది. దుర్జనులను చూసి మత్సరపడవద్దని మొదలయ్యే సామెతలు 24వ అధ్యాయంలోనే, శత్రువు పడినప్పుడు సంతోషించవద్దన్న మాట కూడా ఉంది. అది చదివాక మా అమ్మాయి, కాపీ సంగతి టీచరుకు చెప్తే అది న్యాయమవుతుందా, అసూయ అవుతుందా అని అడిగింది. రెండూ కావచ్చని, ముందు కాపీ కొట్టిన ఆ ఇద్దరి కోసం పేర్లు పెట్టి ప్రార్థించి, ఆ తరువాత కూడా చెప్పాలనిపిస్తే చెప్పమని అన్నాను. ప్రస్తుతం ప్రార్థన చేస్తోంది. ప్రాజెక్టు రాయడం కంటే ఇదే కష్టంగా ఉందట.