ఉబుంటు పాస్‌వర్డ్ మరచిపోయిన రోజు

సంక్రాంతికి ఊరు వెళ్లే ముందు రోజు ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ మార్చాను. పన్నెండు రోజుల తరువాత తిరిగి వచ్చి మూత తెరిస్తే అందులో ఒక్క అక్షరమూ గుర్తు రాలేదు. నేను వాడేది ఉబుంటు, విండోస్‌కు బదులుగా వాడే ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. అందులో సర్వాధికారాలు ఉండే రూట్ ఖాతాను మొదటి నుంచీ మూసే ఉంచుతారు కనుక, సుడో హక్కు (రూట్ అధికారంతో పనులు చేసే వీలు) ఉన్న నా ఖాతా ఒక్కటీ తెరుచుకోకపోతే ఇక అడ్మినిస్ట్రేటర్ అనేవాడే లేనట్టు. కీబోర్డు తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో ఉండిపోయిందేమోనని ఇంగ్లీషుకు మార్చి కూడా ప్రయత్నించాను. తప్పు కీబోర్డుది కాదు.

యంత్రాన్ని ఆపి, మళ్లీ ఆన్ చేస్తూ ఎస్కేప్ మీట నొక్కితే (పాత బయోస్ యంత్రాలలో షిఫ్ట్ నొక్కిపట్టాలి) గ్రబ్ మెనూ (సిస్టమ్‌ను ఎలా మొదలుపెట్టాలో ఎంచుకునే తెర) వచ్చింది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, రికవరీ మోడ్ ఎంచుకుని, ఆపై రూట్ అన్న వరుస మీద ఎంటర్ కొడితే నల్లని తెర మీద హ్యాష్ గుర్తు (#) పక్కన కర్సర్ నిలబడింది. పాస్‌వర్డ్ అడగనే లేదు.

పాస్‌డబ్ల్యుడి అన్న కమాండు పక్కన నా యూజర్ పేరు రాసి, కొత్త పాస్‌వర్డ్ రెండుసార్లు టైపు చేశాను. టైపు చేసేటప్పుడు తెర మీద చుక్క కూడా పడదు, కంగారు పడనక్కరలేదు. అయితే ‘అథెంటికేషన్ టోకెన్ మానిప్యులేషన్ ఎర్రర్’ అని వచ్చింది. పేరు చూసి ఏదో పెద్ద ఉపద్రవం అనుకున్నాను కానీ, సంగతి చిన్నదే: రికవరీ మోడ్‌లో డిస్కు చదవడానికి మాత్రమే తెరుచుకుని ఉంది. పాస్‌వర్డుల హ్యాష్‌లు (వాటి నుంచి లెక్కగట్టిన, వెనక్కి తిప్పలేని రూపాలు) ఉండే షాడో అనే ఫైలులో కొత్తది రాయడానికి వీలు లేకపోయింది. రూట్ విభాగాన్ని (సిస్టమ్ ఫైళ్లు ఉండే డిస్కు భాగాన్ని) రాతకు కూడా వీలయ్యేలా రీమౌంట్ చేశాక, అంటే మళ్లీ తెరిచాక, అదే కమాండు మారుమాట లేకుండా పనిచేసింది.

లాగిన్ అయి బ్రౌజర్ తెరవగానే కీరింగ్ (దాచుకున్న పాస్‌వర్డులను తాళం వేసి ఉంచే చోటు) పాత పాస్‌వర్డే అడిగింది. ఖాతా పాస్‌వర్డును ఇలా బయటి నుంచి మారిస్తే కీరింగ్ తాళం మారదు. దాన్ని తొలగించి కొత్తది పెట్టుకోవలసి వచ్చింది, అందులో దాచుకున్నవన్నీ పోయాయి.

అంతకంటే ఎక్కువగా నన్ను కలవరపెట్టింది ఆ నల్లని తెరే. ల్యాప్‌టాప్ చేతికి చిక్కిన ఎవరికైనా అది అలాగే తెరుచుకునేది. వేగం తగ్గుతుందేమోనని ఇన్‌స్టాల్ చేసిననాడు డిస్కు ఎన్‌క్రిప్షన్ (డిస్కులోని సమాచారాన్ని తాళం లేనిదే చదవలేని రూపంలో ఉంచడం) వద్దనుకున్నది నేనే. అది ఉంటే ముందు దాని పాస్‌ఫ్రేజ్ (పొడవైన పాస్‌వర్డ్) చెప్పనిదే రికవరీ మోడ్‌కూ డిస్కు తెరుచుకోదు. దాన్ని మరచిపోతే మాత్రం ఈ దారి కూడా ఉండదు. ఇది రాస్తుండగా ఫైళ్లన్నీ బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ అవుతున్నాయి. ఉబుంటును మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తాను, ఈసారి పాస్‌ఫ్రేజ్‌ను కాగితం మీద రాసి బీరువాలో పెట్టిన తరువాతే.