రెండో డొమైన్ చేర్చబోయి, ఉన్న సైటును పోగొట్టుకున్నాను: నా అనుభవం

గుంటూరులో మా అక్క నడుపుతున్న పచ్చళ్ళ వ్యాపారానికి వెబ్‌సైటు పెట్టే పని నిన్న రాత్రికి ముగిసింది. డాట్ ఇన్ డొమైన్, అంటే సైటు చిరునామాగా వాడే పేరు, కొనడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పేరు ఏ సర్వరుకు చేరాలో చెప్పే నేమ్‌సర్వర్లు మార్చి, ఆ మార్పు అమలయ్యేదాకా ఒక పూట ఆగాను.

బడిపిల్లల కోసం నేను రాసిన వ్యాకరణ పాఠాల సైటు ఆరేళ్ళుగా నడుస్తున్న హోస్టింగ్ ఖాతాలోనే (సైటు ఫైళ్ళు ఉంచడానికి అద్దెకు తీసుకున్న చోటు) అక్క డొమైన్‌ను కూడా చేర్చాలనుకున్నాను. ఆ ఖాతాను నడిపే పేజీ అయిన సీప్యానెల్‌లో డొమైన్ పేరు రాసే చోటుకు కిందనే, డాక్యుమెంట్ రూట్‌ను (సైటు ఫైళ్ళుండే ఫోల్డరును) పంచుకోవడం గురించిన చిన్న గడిలో ముందే టిక్కు పెట్టి ఉంది. దాన్ని అలాగే వదిలేశాను. తీరా అక్క డొమైన్ తెరిస్తే నా సవర్ణదీర్ఘ సంధి పాఠం వచ్చింది. నా ఫైళ్ళ నకలేదో అక్కడ పడిందనుకుని, ఆ డొమైన్ పక్కనున్న ఫోల్డరు లింకు నొక్కి, లోపల ఉన్నవన్నీ తొలగించాను. అది నకలు కాదు, నా సైటు ఫైళ్ళన్నీ ఉండే అసలు పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ ఫోల్డరే. రెండు సైట్లూ ఒకేసారి ఖాళీ అయ్యాయి.

హోస్టింగ్ వారి సహాయకుడు "మీరే తొలగించారు కదండీ" అని మూడుసార్లు అన్నాడే తప్ప, ఆ గడికి అర్థమేమిటో ఒక్కసారైనా చెప్పలేదు. డబ్బు కట్టిన మనిషి తెలియక అడిగినప్పుడు తప్పు ఎత్తిచూపడం సహాయం కాదు. పోయిన నెల పెన్‌డ్రైవులో దాచుకున్న బ్యాకప్పే నన్ను కాపాడింది.

ఆ తరువాత కూర్చుని నేనే తెలుసుకున్నాను. ఆ టిక్కు ఉంటే కొత్త పేరు ఎలియాస్ అవుతుంది, అంటే ఒకే ఇంటికి రెండో వాకిలి. డాట్ కామ్, డాట్ ఇన్ రెండూ ఒకే సైటుకు చేరాలనుకునేవారికి అది సరిపోతుంది. టిక్కు తీసేస్తే కొత్త పేరుకు వేరే ఫోల్డరు ఏర్పడి యాడాన్ డొమైన్ అవుతుంది, అంటే అదే ఖాతాలో వేరే సైటు. అక్కకు కావలసింది ఇదే. దీనికి తోడుగా నా డొమైన్ కింద ఒక సబ్‌డొమైన్ (డొమైన్ పేరుకు ముందు ఒక మాట, చుక్క చేరిన పేరు) కూడా దానంతటదే పుడుతుంది. అది అనవసరంగా వచ్చిందనుకుని తీసివేయకండి, యాడాన్ డొమైన్ దాని మీదే నిలబడుతుంది. మనమే విడిగా సబ్‌డొమైన్ పెట్టుకోవాలన్నా కొత్తగా పేరు కొననక్కరలేదు.

పాత ఎలియాస్‌ను తీసివేసి, టిక్కు లేకుండా మళ్ళీ చేర్చాను. రాత్రి పదకొండు గంటలకు అక్క తన ఫోనులో తెరిచి, గోంగూర సీసా బొమ్మ కనబడిందని చెప్పింది. బ్యాకప్ తరువాత రాసిన రెండు సమాసాల పాఠాలను మాత్రం నేను మళ్ళీ మొదటి నుంచి రాయవలసి ఉంది.