హాల్లో చాపలు, మధ్యలో ప్రభువు బల్ల

చర్చికి వెళ్లే బదులు నాలుగు కుటుంబాలం ఒక ఇంట్లో కూడుకుందాం అనుకోగానే చాలామంది ముందు కొనేవి మైకు, పుల్పిట్ (ప్రసంగించే బల్ల). అక్కడే పని చెడుతుంది. ఒకరు ఎదురుగా నిలబడి, మిగతావాళ్లు వరసల్లో కూర్చుంటే అది చిన్న చర్చి అవుతుంది గానీ గృహ సంఘం అవదు. బైబిల్లో మొదటి కొరింథీ 14లో అపొస్తలుడు పౌలు రాసిన కూడికకు ఒకరు కీర్తన తెస్తారు, ఇంకొకరు బోధ తెస్తారు. అలా జరగాలంటే ఒకరి ముఖం ఒకరికి కనబడాలి. అందుకే చాపలు గోడల వెంట చుట్టూ పరవండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కుర్చీలు ఆ చుట్టులోనే వేయండి, వెనక్కి నెట్టకండి.

10 అడుగులకు 12 అడుగుల హాల్లో సోఫా, టీపాయ్ తీసేస్తే 15 మంది ఇబ్బంది లేకుండా కూర్చోవచ్చు. 20 దాటితే నోరు విప్పేది ఐదారుగురే, మిగిలినవాళ్లు శ్రోతలైపోతారు. అప్పుడు పెద్ద హాలు వెతక్కుండా రెండిళ్లుగా విడిపోండి. సిరియాలో యూఫ్రటీసు నది ఒడ్డున దూరా యూరోపస్‌లో తవ్వకాల్లో బయటపడ్డ 3వ శతాబ్దపు ఇంట్లో, రెండు గదుల మధ్య గోడ పడగొట్టి ఒకే హాలు చేశారు, ఇంకో గదిలో బాప్తిస్మపు తొట్టి కట్టారు. ఇల్లు మందిరంగా మారడం అలాగే మొదలవుతుంది. అది తప్పని అనడం లేదు. కానీ గోడ పడగొట్టే ముందు రెండో ఇంటి తలుపు తట్టడం మేలు.

వాయిద్యాలు అక్కర్లేదు, కంజర ఒక్కటుంటే చాలు. పాట చెడేది తాళం వల్ల కాదు, శ్రుతి వల్ల. హుషారుగా పల్లవి పైన ఎత్తుకుంటారు, చరణంలో గొంతు అందక సగం మంది ఆగిపోతారు. ఎత్తుకునేవాళ్లు ముందు చరణంలోని పై వరుసను మెల్లగా అనుకుని చూసి, అది అందే శ్రుతిలో పల్లవి మొదలుపెట్టాలి. బైబిల్ వాక్యానికి అరగంట చాలు. ఒకే భాగం తీసుకుని తలా రెండు వచనాలు చదవండి. చదవడం రాని అమ్మమ్మల వంతు వచ్చినప్పుడు పక్కవాళ్లు చదివితే సరి, పేరు పెట్టి పిలిచి ఇరుకున పెట్టవద్దు.

యేసు చివరి భోజనాన్ని గుర్తుచేసుకుంటూ ప్రభువు బల్లలో పంచుకునే రొట్టె, ద్రాక్షారసం విషయంలో మాత్రం కాస్త శ్రద్ధ కావాలి. 15 మందికి పావుకిలో నల్ల ద్రాక్ష సరిపోతుంది. కడిగి స్టీలు గిన్నెలో అర గ్లాసు నీళ్లతో సన్నని సెగ మీద పెట్టి, తొక్కలు పగిలేదాకా ఉంచి, మెదిపి, పలచటి గుడ్డలో వడకట్టండి. పులుపుకు లోహం దిగుతుంది కాబట్టి అల్యూమినియం గిన్నె వద్దు. శనివారం రాత్రి చేసి ఫ్రిజ్‌లో పెట్టండి. బయట ఉంచితే నురగ కట్టి పులుస్తుంది. రొట్టెకు చిన్న కప్పు గోధుమపిండి, చిటికెడు ఉప్పు, చెంచా నూనె చాలు, ఈస్టు వేయకూడదు. పలచగా ఒత్తితే అప్పడంలా అయి విరిచేటప్పుడు పొడి రాలుతుంది. చపాతీకన్నా కాస్త మందంగా ఒత్తి, సన్నని సెగ మీద కాల్చి, గుడ్డలో చుట్టండి. వేడి మీద డబ్బాలో మూత పెడితే చెమ్మ పట్టి సాగుతుంది. బల్లలో రొట్టె, రసం ఎవరు తీసుకోవచ్చన్నది కొత్తవాళ్లకు కూడిక మొదలయ్యే ముందే నెమ్మదిగా చెప్పాలి. పళ్లెం ముందుకొచ్చాక ఆపితే ఆ మనిషి మళ్లీ ఆ గుమ్మం తొక్కరు.

ప్రార్థనలో ఒక్కొక్కరు ఒక్క సంగతే ఎత్తండి. ఒకే సహోదరుడు పదిహేను నిమిషాలు చేస్తే పిల్లలు నిద్రపోతారు, తర్వాతివాళ్లు గొంతు విప్పరు. ఒకరి అప్పు, ఒకరి భర్త తాగుడు ఆ నాలుగు గోడల మధ్యే ఉండాలి, వాట్సాప్‌లో ప్రార్థన అంశంగా పంపవద్దు. నమ్మకం ఒకసారి విరిగితే గృహ సంఘం నిలబడదు, ఎందుకంటే దానికి ఉన్నదే ఆ నమ్మకం.

కానుకల డబ్బా ఇద్దరు కలిసి తెరవాలి, లెక్క నోటు పుస్తకంలో రాసి అందరికీ చదివి వినిపించాలి.

అపార్ట్‌మెంట్లలో గొడవ ఎక్కువగా వచ్చేది పాటల మీద కాదు, వరండాలో చెప్పుల మీద, గేటు ముందు బండ్ల మీద. చెప్పులు లోపల గోనెపట్టా మీద పెట్టించండి. పైకప్పు కింద పదిహేను గొంతులకు స్పీకరు అవసరమే లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి ఉండాలి.

చాలామంది ఆలస్యంగా గుర్తించేవి రెండున్నాయి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద అధికారం ఉన్న పాస్టరో, మ్యారేజ్ రిజిస్ట్రారో జరిపితేనే ఆ చట్టం ప్రకారం పెళ్లి చెల్లుతుంది, ఇంటి పెద్ద జరిపితే చెల్లదు. రెండోది సమాధి. చాలా ఊళ్లలో సమాధుల తోట ఏదో ఒక చర్చిది, సభ్యులకే చోటిస్తామని అడ్డుపడే చోట్లు ఉన్నాయి. కాబట్టి పాత సంఘం రిజిస్టర్లో పేరు కొట్టించుకునే ముందు, ఇంట్లో పెద్దవాళ్లు పోతే ఎక్కడ సమాధి చేస్తారో ఆ చర్చి పెద్దలతో కూర్చుని మాట్లాడుకోండి.