గాడ్‌ఫ్లెష్ రేడియో టేపు: మూడో వారం

గాడ్‌ఫ్లెష్ బ్యాండు రేడియోలో వాయించిన పాటల క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించే కుస్తీ మొదలుపెట్టి మూడు వారాలైంది. ఇవాళ్టికి టేపు వేగం దారికొచ్చింది. మరిచిపోకముందే రాసి పెడుతున్నాను.

1989లో బీబీసీ రేడియో 1లో జాన్ పీల్ కార్యక్రమం కోసం ఈ బర్మింగ్‌హామ్ బ్యాండు వాయించిన నాలుగు పాటలివి: టైనీ టియర్స్, వూండ్, పల్ప్, లైక్ ర్యాట్స్. పీల్ సెషన్లు మామూలుగా ఒక్క రోజులోనే రికార్డింగు, మిక్సింగు రెండూ ముగించేవారు. వాళ్ల స్ట్రీట్‌క్లీనర్ ఆల్బమ్ ఆ ఏడాది నవంబరులో వచ్చింది. ఆల్బమ్‌లో కంటే ఇక్కడ జి.సి. గ్రీన్ బేస్ గిటారు నాకు ఇంకా గరుకుగా, మొహం మీదికి వచ్చినట్టు వినిపిస్తుంది. నా తాపత్రయమంతా దానికోసమే.

ఇంగ్లండులో ఉండే మిత్రుడొకరు అప్పట్లో రేడియో నుంచి నేరుగా పట్టిన టేపు ఇది. డాల్బీ (టేపు బుసను తగ్గించే పద్ధతి) వాడలేదు. మొదటి వారం డెక్‌లో టేపును చదివే హెడ్‌నీ, టేపును లాగే పించ్ రోలర్‌నీ తుడవడం, బెల్టు మార్చడంతోనే సరిపోయింది. తర్వాత అజిముత్, అంటే టేపుకు హెడ్ నిలిచే కోణం. రెండు ఛానెళ్లనూ మోనోగా కలిపి వింటూ, హెడ్ పక్కనున్న చిన్న స్క్రూని వెంట్రుకవాసి తిప్పుతూ పోయాను. డ్రమ్స్‌లోని సింబల్ (ఇత్తడి పళ్లెం) చప్పుడు ఒక్కసారిగా తేటపడింది. అక్కడ ఆపేశాను. కంప్యూటర్లోకి ఎక్కించింది 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో.

అసలు తలనొప్పి వేగమే. పాటలు కాస్త పైశ్రుతిలో వినిపిస్తున్నాయి. బ్రిటన్‌లో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, రికార్డు చేసినప్పుడు టేపులోకి దూరిన హమ్ (కరెంటు గుంయ్‌మనే శబ్దం) కూడా అంతే ఉండాలి. పాటల మధ్య పీల్ మాట్లాడే చోట్ల, ఫైలు కాపీని 8 కిలోహెర్ట్జ్‌కి తగ్గించి స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దముందో చూపే బొమ్మ) చూశాను. మొదటి పాట ముందు 50.8, చివరి పాట ముందు 50.5. నా డెక్ సొంత హమ్ వేరే గీతగా సరిగ్గా 50 దగ్గరే ఉంది. టేపు ఆపినా అది పోలేదు కాబట్టి రెంటినీ పోల్చుకోవడం తేలికైంది.

అంటే మొదట్లో వేగం 1.575 శాతం తగ్గించాలి, చివర్లో 0.99 చాలు. మరి మధ్యలో? గిటార్లు హోరెత్తుతుంటే హమ్ కనిపించదు. అక్కడ ఆదుకున్నది డ్రమ్ మెషీన్. బ్యాండు గిటారిస్టు, గాయకుడు జస్టిన్ బ్రాడ్రిక్ డ్రమ్మర్ని పెట్టుకోకుండా మెషీన్‌తో నడిపించాడు. మనిషి వాయిస్తే, తడబడింది చెయ్యా టేపా అని చెప్పలేం. మెషీన్ అలా తడబడదు. వూండ్‌లో మొదటి 16 దెబ్బలకూ చివరి 16 దెబ్బలకూ పట్టిన సమయం కొలిస్తే వెయ్యికి రెండు వంతుల తేడా వచ్చింది. ఆ తేడా మొత్తం టేపుదే. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్లో, వేగాన్ని మార్చే టైమ్ ట్రాక్ గీతను అలా కొద్దికొద్దిగా వంచుకుంటూ పోయాను. సరిచేసి విన్నాక బేస్ బరువు దిగి కూర్చుంది. ఒళ్లు జలదరించింది.

నాయిస్ రిడక్షన్ జోలికి పోవడం లేదు. టేపు బుస తీసేస్తే గిటారు అంచు కూడా పోతోంది.

ఇక మిగిలింది లైక్ ర్యాట్స్ మొదట్లో ఎడమ ఛానెల్ రెండు సెకన్లు పడిపోయే చోటు. ఆదివారం ఇంకోసారి ఎక్కించి చూస్తాను.