పిల్లల చేతికి కెమెరా ఇచ్చాక

మా బడి పిల్లలతో పక్షుల ఫోటోలు తీయించాలనుకున్నప్పుడు అందరూ ముందు కెమెరాల గురించే అడిగారు. నేను మాత్రం మొదట్లో వాటిని బయటికే తీయలేదు. చెరువు గట్టున కూచుని చూడమన్నాను, అంతే. లకుముకి పిట్ట చేపను పట్టుకుని మళ్లీ అదే కొమ్మ మీదికి వస్తోందని వాళ్లే కనిపెట్టారు. ఎక్కడ వాలుతుందో తెలిస్తే కెమెరాను ముందే అటు గురిపెట్టి కూచోవచ్చు. పక్షి అలవాట్లు తెలియకుండా మంచి ఫోటో రాదు. అందుకే ఈ పద్ధతి నాకింత ఇష్టం.

కెమెరా పాఠం తొందరగానే అయిపోయింది. ఎండ వీపు వైపు ఉండాలి, ఫోకస్ కంటి మీద ఉండాలి, ఎగిరే పిట్టకు షట్టర్ వేగం, అంటే కెమెరాలోకి వెలుతురు వచ్చే సమయం, సెకనులో 1/1000 వంతు, చిన్న పిట్టయితే 1/2000 వంతు పెట్టాలి. గూళ్ల విషయంలో మాత్రం గట్టిగా ఉన్నాను. మనం దగ్గరికెళితే తల్లిపక్షి గూడు వదిలి పోవచ్చు, మన వల్ల ఆ గూడు కాకుల కంటా పడొచ్చు. కాబట్టి గూడు ఫోటోలు వద్దు. పిట్టను ఎగరగొట్టడానికి రాళ్లు వేయడం అసలే వద్దు.

అసలు చదువు తరగతిలో, ఫోటోలను తెర మీద పెద్దవి చేసి చూసేటప్పుడు జరిగింది. ఒకమ్మాయి తన కొంగ ఫోటో పాడైందని తీసేయబోయింది. కన్ను మీద తెల్లటి పొర కమ్మినట్టుంది. ఆగమన్నాను. అది పక్షుల మూడో రెప్ప. పక్క నుంచి అడ్డంగా జరిగి కంటిని తడుపుతుంది, కాపాడుతుంది. మన కళ్లకు అందనంత త్వరగా జరిగే ఆ కదలిక ఆ ఒక్క ఫోటోలో ఆగిపోయింది. "అయితే నీళ్లలోకి దూకేటప్పుడు లకుముకి కూడా అది మూసుకుంటుందా టీచర్?" అంది వెంటనే. మూసుకుంటుంది. ఈ ప్రశ్న కోసమే కదా నేనిదంతా మొదలుపెట్టింది!

ఇంకొకడు కొంగ మోకాలు వెనక్కి వంగిందేమిటన్నాడు. మోకాలనుకునేది నిజానికి చీలమండ, అసలు మోకాలు పైన ఈకల్లో దాగి ఉంటుంది. లకుముకి నీలం ఎండలో ఒకలా, నీడలో ఒకలా ఎందుకొచ్చిందనే దాని మీద చాలాసేపు వాదించుకున్నారు. ఈకలో నీలి రంగు పదార్థం లేదని, ఈక లోపలి సన్నటి నిర్మాణం మీద వెలుతురు చెదిరి అలా కనిపిస్తుందని చెబితే నమ్మలేకపోయారు.

ఫోటోతో పాటు సమయం, చోటు, పిట్ట ఏం చేస్తోందో రాయడం అలవాటు చేశాను. ఆ జాబితాలను 2002లో మొదలైన ఈబర్డ్‌లో చేరుస్తున్నాం. ఎవరైనా తాము చూసిన పక్షుల వివరాలు నమోదు చేసే వెబ్‌సైట్ అది. అక్కడ 'చిన్న తెల్లకొంగ' (లిటిల్ ఈగ్రెట్) అనే జాతి పేరు రాయాలంటే ఆనవాలు చూపాలని నా షరతు: నల్లటి ముక్కు, నల్లటి కాళ్లు, పసుపు పచ్చటి వేళ్లు. ఇప్పుడు తెల్లకొంగ కనబడితే చాలు, అది నీళ్లలోంచి పాదం ఎప్పుడెత్తుతుందా అని అందరూ కాచుకుని కూచుంటున్నారు.